దూడ పుట్టిన మొదటి రోజు: దాని ఒంట్లో ఏం జరుగుతుంది, మనం ఏం చేయాలి

"డాక్టరమ్మా, తెల్లారగట్ల బర్రె ఈనింది. దూడ బుద్ధిగా పండుకుంది, ఏం ఇబ్బంది లేదు."

ఇలాంటి ఫోన్ వస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. పుట్టి రెండు గంటలైన దూడ బుద్ధిగా పడుకోకూడదు. లేస్తూ పడుతూ, పొదుగు ఎక్కడుందో తెలియక తల్లి ముందు కాళ్ళ మధ్య వెతుక్కుంటూ, గోడను కూడా నాకి చూస్తూ కొట్టమంతా కలియతిరగాలి. కదలని దూడను చూసి ఇంటివాళ్ళు నెమ్మదస్తురాలు అనుకుంటారు. నాకు మాత్రం ఒంట్లో ఇంధనం అయిపోతున్న దూడ కనిపిస్తుంది.

ఖమ్మం జిల్లాలో ఒక పల్లె పశువుల ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. మా దగ్గర ముర్రా, గ్రేడెడ్ ముర్రా గేదెలు ఎక్కువ. జెర్సీ సంకరం ఆవులు కొన్ని, గొర్రెలు, మేకలు చాలానే ఉన్నాయి. ఇది రెండు మూడు పశువులు పెట్టుకుని పాలమ్ముకునే వాళ్ళ కోసం, ఉద్యోగం మానేసి డెయిరీ పెడదామని ఊరికొచ్చిన కుర్రాళ్ళ కోసం రాస్తున్నాను. ఏం చేయాలో చాలామందికి సగం తెలుసు. ఎందుకు చేయాలో కూడా తెలిస్తే, అర్ధరాత్రి నేను అందుబాటులో లేకపోయినా మీరే సరైన పని చేయగలరు. అందుకని ముందు దూడ ఒంట్లో సంగతి చెప్తాను.

కిడ్నీల ముందు రెండు గ్రంథులు

దూడ చనిపోయి పోస్టుమార్టం చేయాల్సి వచ్చినప్పుడు పక్కన కుర్రాళ్ళు నిలబడితే, కిడ్నీల ముందు కొవ్వులో దాగి ఉన్న అడ్రినల్ గ్రంథులు తీసి చూపిస్తాను. కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి. వెతికితే గానీ దొరకవు, అంత చిన్నవి. బ్లేడుతో అడ్డంగా కోస్తే బయట ఒక పొర, లోపల వేరే రంగులో మెత్తటి భాగం స్పష్టంగా కనిపిస్తాయి. బయటి పొర కార్టిసాల్ తయారు చేస్తుంది. లోపలి భాగం అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ తయారు చేస్తుంది. కష్టమైన ఈతలో నలిగి చనిపోయిన దూడలోనో, రక్తంలో ఇన్ఫెక్షన్ పాకి చనిపోయిన దూడలోనో ఒక్కోసారి ఈ గ్రంథిలోనే రక్తం చిమ్మి ఉంటుంది.

కార్టిసాల్ అనగానే చెడ్డ హార్మోన్ అనే పేరు పడిపోయింది, ఫోన్లలో వచ్చే ఆరోగ్య సలహాల పుణ్యమా అని. దూడ విషయంలో మాత్రం అది లేకపోతే బతుకే లేదు. నెలలు నిండుతుండగా కడుపులోని దూడ అడ్రినల్ గ్రంథులే కార్టిసాల్ పెంచడం మొదలుపెడతాయి. ఆ కార్టిసాల్ ఊపిరితిత్తులను గాలి పీల్చడానికి సిద్ధం చేస్తుంది, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో చక్కెర నిల్వ చేయిస్తుంది, పేగులను పాలకు తయారు చేస్తుంది. అంతే కాదు, ఈత మొదలవడానికి సంకేతం ఇచ్చేది కూడా అదే. ఎప్పుడు ఈనాలో తల్లి నిర్ణయిస్తుందని అందరూ అనుకుంటారు గానీ, ఆవుల్లో గొర్రెల్లో ఆ కబురు పంపేది కడుపులోని పిల్లే.

ఇది తేల్చిన మనిషి న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌కు చెందిన గ్రాహమ్ లిగ్గిన్స్. ఆయన పశువుల డాక్టరు కాదు, ఆడవాళ్ళకు కాన్పులు చేసే డాక్టరు. 1960ల్లో గొర్రెల మీద పరిశోధన చేశాడు. మెదడు కింద ఉండి అడ్రినల్ గ్రంథులకు కబురు పంపేది పిట్యూటరీ గ్రంథి. కడుపులోని పిల్లలో దాన్ని పాడుచేస్తే నెలలు నిండినా గొర్రె ఈనలేదు. అదే పిల్లకు ఏసీటీహెచ్ (పిట్యూటరీ పంపే ఆ కబురు హార్మోన్) గానీ కార్టిసాల్ గానీ ఎక్కిస్తే ముందే ఈనింది. ఇంకో వింత కూడా కంటపడింది. మందు పడిన పిల్లలు మరీ తొందరగా పుట్టినా, వాటి ఊపిరితిత్తుల్లో గాలి ఆడింది. ఆ సంగతి 1969లో రాశాడు. ఆ దారిలోనే రాస్ హోవీ అనే పిల్లల డాక్టరుతో కలిసి చేసిన పరీక్షల ఫలితాలు 1972లో వచ్చాయి. నెలలు నిండకుండా కాన్పు వచ్చే తల్లులకు ఇవాళ మన ఆస్పత్రుల్లోనూ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తున్నారంటే, దాని మూలం ఆ గొర్రెపిల్లలే.

ఇందులో మనకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి. మొదటిది, చూడి కట్టిన తేదీ గోడ మీదో క్యాలెండర్ మీదో రాసి పెట్టుకోండి. గేదెకు దాదాపు 310 రోజులు, ఆవుకు దాదాపు 280. రెండు మూడు వారాలు ముందుగా పుట్టిన దూడ చూడ్డానికి కాస్త చిన్నగా ఉందంతే అనిపిస్తుంది గానీ, కార్టిసాల్ చేయాల్సిన పని దాని ఒంట్లో పూర్తయి ఉండదు. దాన్ని మామూలు దూడ లెక్కలో వేయకండి, పుట్టిన వెంటనే ఫోన్ చేయండి. రెండోది, చూడి ఆఖరి నెలల్లో ఉన్న పశువుకు కాలు వాచిందనో, మేత తినట్లేదనో ఎవరో వచ్చి డెక్సా పొడిస్తానంటే ఒప్పుకోవద్దు. డెక్సామిథజోన్ కార్టిసాల్ లాంటి మందే. అది పడితే ఒళ్ళు దూడ పంపిన సంకేతమే అనుకుంటుంది. నెలలు నిండకముందే ఈనేస్తుంది, మాయ కూడా పడకుండా మిగిలిపోతుంది. మా మండలంలో ఇలా పోయిన దూడలను చూశాను. రెండొందల రూపాయల ఇంజెక్షన్‌కు లక్ష రూపాయల గేదె ఈత పోయింది.

ఈనడానికి ముందు

చూడి ఆఖరి రెండు నెలలు పాలు పిండడం ఆపేయాలని మీకు తెలుసు. ఆ రెండు నెలలూ నీడ, నీళ్ళు కూడా మేతంత ముఖ్యమని చాలామంది పట్టించుకోరు. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండకు వేగిన తల్లి కడుపులోని దూడ తక్కువ బరువుతో పుడుతుందనీ, జున్నుపాల నుంచి రక్షణ పదార్థాలు కూడా తక్కువగా ఒంటికి పట్టించుకుంటుందనీ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు పాడి ఆవుల మీద చూపించారు. వాళ్ళు ఫ్యాన్లు, నీటి జల్లులు పెట్టారు. మనకు చెరువుంది, లేదంటే బోరు పైపుంది. గేదెకు చెమట పట్టడం తక్కువ, నల్లటి తోలు, కాబట్టి మధ్యాహ్నం దాని ఒళ్ళు తడపాల్సిందే. రేకుల షెడ్డయితే పైన తాటాకో కొబ్బరి మట్టలో వేయండి.

ఈనడానికి నెల రోజుల్లోపు ఉన్న గేదెను సంతలో కొని ఆటోలో ఊరికి తెచ్చుకోవద్దు. తప్పనిసరై తెస్తే, కనీసం కొత్త చోటికి అలవాటు పడనివ్వండి. తాళ్ళు మార్చడం, మంద మార్చడం, కొత్త మనిషి పాలు పిండడం అన్నీ ఒకేసారి పెట్టుకోకండి.

దగ్గర పెట్టుకోవాల్సిన సామాను పెద్దగా ఏం లేదు. ఎండు వరిగడ్డి, ఉతికిన గోనెసంచులు రెండో మూడో, పాత తువ్వాళ్ళు, టింక్చర్ అయోడిన్ సీసా, కొత్త బ్లేడు, దారం, పాలసీసాకు రబ్బరు నిపిల్, థర్మామీటరు. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు, పశువుల కోసమని దాని మీద రాసి విడిగా ఉంచుకోండి. రాత్రి కరెంటు పోతుంది కాబట్టి చార్జింగ్ లైటు కూడా.

లాగాలా, ఆగాలా

ఈతలో దూడ నలగడం మామూలే, అది అవసరం కూడా. నొప్పి వచ్చిన ప్రతిసారీ బొడ్డుతాడు ద్వారా వచ్చే ఆక్సిజన్ కాస్త తగ్గుతుంది, వెంటనే దూడ అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ వదులుతాయి. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 1960ల్లో ఒక ఆశ్చర్యమైన సంగతి చూశారు. గొర్రె కడుపులోని చిన్న పిల్లలో ఆ గ్రంథికి నరాల కనెక్షన్ ఇంకా పూర్తిగా ఏర్పడకముందే, ఆక్సిజన్ తగ్గితే అది తనంతట తానే అడ్రినలిన్ వదులుతుంది. మెదడు చెప్పేదాకా ఆగదు. పుట్టుక కోసం ప్రకృతి అంత ముందుగా ఏర్పాటు చేసి పెట్టింది.

కానీ ఆ ఏర్పాటుకూ ఒక హద్దుంది. గంటల తరబడి ఇరుక్కుంటే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, దూడ బయటికి రాకముందే కాలేయంలో దాచుకున్న చక్కెర ఖర్చైపోతుంది. అలాంటి దూడ పుట్టేసరికే అలసిపోయి ఉంటుంది.

అందుకని లెక్క ఇది. ఉమ్మనీటి సంచి పగిలి, కాళ్ళు కనిపించి, గంటసేపు నొప్పులు వచ్చినా ముందుకు కదలకపోతే ఫోన్ చేయండి. ముందు కాళ్ళు రెండూ, వాటి మీద ముట్టె కనిపిస్తే సరైన వరసే. అప్పుడు సాయం చేయాలంటే నొప్పి వచ్చినప్పుడే లాగాలి, నొప్పి ఆగితే మీరూ ఆగాలి, కిందికి, పశువు కాలి మడమల వైపు లాగాలి. ఇద్దరికి మించి లాగొద్దు. నలుగురు కలిసి తాడు కట్టి లాగడం, ట్రాక్టరుకు కట్టడం చూశాను, ఆ రెంటిలో ఏదీ ఈత కాదు. ఇక నొప్పులు వస్తున్నా ఏమీ బయటికి కనిపించకపోతే అసలు చేయి పెట్టకండి. గేదెల్లో గర్భసంచి మెలి తిరగడం ఎక్కువ. దాన్ని పశువును పొర్లించి సరిచేయాలి, అది డాక్టరు పని.

మొదటి పది నిమిషాలు

నేను ఇక్కడ ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దూడలు పోయేది ఎక్కువగా ఇక్కడే.

కడుపులో దూడ ఊపిరితిత్తుల నిండా నీరు ఉంటుంది. పుట్టగానే అక్కడికి గాలి రావాలి. ఆ నీరు ఎలా పోతుంది? ముక్కులోంచి కారి పోతుందని అందరూ అనుకుంటారు. కొంచెం అలా పోతుంది, నిజమే. ఎక్కువ భాగం మాత్రం ఊపిరితిత్తులే లోపలికి పీల్చేసుకుని రక్తంలో కలిపేస్తాయి. ఆ పని చేయించేది ఈతలో ఎగసిన అడ్రినలినే. కార్టిసాల్ ముందే ఆ కణాలను అందుకు సిద్ధం చేసి ఉంచుతుంది.

ఒక జనవరి రాత్రి తొలిచూలు గేదె చాలాసేపు కష్టపడి ఈనింది. దూడ బయటికొచ్చి పక్కకు వాలిపోయింది, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఇంటి పెద్దాయన వెనక కాళ్ళు పట్టుకుని దూలానికి వేలాడదీయబోయాడు. "కాళ్ళు పైకెత్తితే నీళ్ళన్నీ కారిపోతయమ్మా, మా నాయిన గూడ ఇట్లనే చేసేటోడు." "పెద్దయ్యా, ఆగు" అని చేయి పట్టుకున్నాను. వేలాడదీస్తే నోట్లోంచి కారేది ఎక్కువగా కడుపులోని నీరు. పైగా పొట్టలోని పేగులు, కాలేయం అన్నీ ఊపిరి తీసే కండరం మీద పడి, ఉన్న ఊపిరి కూడా ఆడనివ్వవు.

అప్పుడు మేం చేసింది చెప్తాను, మీరూ ఇదే చేయండి. ముక్కు, నోటిలోని జిగురు వేళ్ళతో తీసేశాం. దూడను రొమ్ము మీద కూర్చోబెట్టి, వెనక కాళ్ళు రెండూ పొట్టకు అటూ ఇటూ ముందుకు లాగి పెట్టాం. అలా కూర్చోబెడితే రెండు ఊపిరితిత్తులూ సమానంగా తెరుచుకుంటాయి. పక్కకు పడుకుంటే కిందనున్నది అణిగిపోతుంది. తర్వాత శుభ్రమైన గడ్డిపరక ముక్కు రంధ్రంలో కాస్త లోపలికి పెట్టి తిప్పాను. దూడ ఒక్కసారి తల విదిలించి గట్టిగా ఎగపీల్చింది. ఆ ఒక్క పీల్పుకే పక్కటెముకలు తెరుచుకోవడం కళ్ళకు కనిపించింది. పెద్దాయన కోడలు తువ్వాలుతో వెన్ను మీద, పక్కటెముకల మీద గట్టిగా రుద్దుతూనే ఉంది. గడ్డిపరకకు కదలకపోతే చెవిలో, నెత్తిన కొంచెం చన్నీళ్ళు చల్లవచ్చు, ఊపిరి ఎగపీల్చడానికే. ఒళ్ళంతా తడపకూడదు, చల్లిన వెంటనే తుడిచేయాలి. చెంపదెబ్బలు, నోట్లో మందులు వద్దు.

గడియారం చూసుకోండి. మామూలు దూడ అయిదు నిమిషాల్లోపు తల ఎత్తి రొమ్ము మీద కూర్చుంటుంది. పావుగంట దాటినా పక్కకే పడి ఉంటే అది కష్టంలో ఉన్నట్టే. గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో తాగాలి. ఇంకో పరీక్ష నేను ప్రతి దూడకూ చేస్తాను. శుభ్రమైన వేలు నోట్లో పెట్టండి. నోరు వెచ్చగా ఉండి, నాలుకతో వేలిని చుట్టి గట్టిగా చప్పరిస్తే నిశ్చింత. నోరు చల్లగా ఉండి వేలు ఊరికే అలా ఉండనిస్తే ఆలస్యం చేయొద్దు.

బొడ్డు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒంటికి రెండు అంగుళాల దూరంలో దారంతో కట్టి, కింద కొత్త బ్లేడుతో కోసి, ఆ కొనను అయోడిన్‌లో పూర్తిగా ముంచాలి. దూదితో అద్దడం చాలదు. పసుపు, పేడ, బూడిద ఏవీ పెట్టొద్దు. రక్తంలోకి క్రిములు చేరేది ఆ దారినే.

వెచ్చదనం

తడి ఒంటితో పుట్టిన దూడ చలికాలం రాత్రి ఎంత త్వరగా చల్లబడుతుందో ఊహించలేరు. దానికి కాపు కాసేది భుజాల దగ్గర, కిడ్నీల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వు. మామూలు కొవ్వు నిల్వ ఉంటుంది, ఇది మాత్రం కాలి వేడి ఇస్తుంది. దాన్ని వెలిగించేది నార్‌అడ్రినలిన్. కానీ ఆ కొవ్వు కొంచెమే ఉంటుంది. కాలేయంలో చక్కెర నిల్వా గంటల లెక్కే. పాలు తాగకుండా, తడిగా వదిలేస్తే రెండూ ఖర్చైపోయి దూడ చల్లగా, బుద్ధిగా పడుకుంటుంది. మొదట చెప్పిన ఫోన్ వచ్చేది అప్పుడే. పందిపిల్లలకైతే ఈ కొవ్వు కూడా లేదు, అందుకే పందుల పెంపకందారులు బల్బు లేకుండా ఈతకు సిద్ధపడరు.

తల్లి నాకడం అన్నిటికన్నా మంచి వైద్యం. నాలుకతో ఒరిపిడి వల్ల రక్తం ఆడుతుంది, ఒళ్ళు ఆరుతుంది. తొలిచూలుది బెదిరి నాకకపోతే దూడ ఒంటి మీద కొంచెం ఉప్పో తవుడో చల్లండి, తల్లి దగ్గరికి వస్తుంది. అప్పటికీ నాకకపోతే ఎండు గోనెసంచితో మీరే రుద్దండి, రోమాలు నిక్కబొడుచుకునేదాకా.

మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడండి. 101.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. 100 కన్నా తగ్గితే వెచ్చబరచడం మొదలుపెట్టాలి. వేడినీళ్ళ సీసాలకు గుడ్డ చుట్టి పొట్ట పక్కన, తొడల మధ్య పెట్టడం, గాలి తగలకుండా సంచులు కట్టడం, పక్కన బల్బు. మరీ చల్లబడితే పెద్ద తొట్టిలో గోరువెచ్చని నీళ్ళలో మెడ దాకా కూర్చోబెట్టి, వెచ్చబడ్డాక పూర్తిగా ఆరబెట్టాలి. దగ్గరగా మంట వేయొద్దు, ఆ పొగే ఊపిరితిత్తులకు ఇంకో దెబ్బ.

వేసవిలో ఇబ్బంది వేరు. మధ్యాహ్నం ఈనితే కొట్టంలో గాలి ఆడే చోటు, నీడ చూసుకోండి. 103 దాటి ఒగరుస్తుంటే నీళ్ళగుడ్డతో ఒళ్ళు తుడవండి. ఎండలో కట్టిన దూడ ఊపిరి వేగంగా తీస్తుంటే జ్వరమనుకుని సూది వేయించుకొచ్చేవాళ్ళున్నారు. ముందు నీడలోకి తేవాలి.

జున్నుపాలు

మా వైపు రెండు అలవాట్లు దూడల ప్రాణం తీస్తున్నాయి. ఒకటి మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదలకపోవడం. రెండోది జున్ను.

మాయ సంగతి తలకిందులు. దూడ చీకితే తల్లిలో ఆక్సిటోసిన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికి అదే సాయం. మాయ కోసం దూడను ఆపితే, పడాల్సింది పడదు, తాగాల్సింది తాగదు.

జున్ను విషయంలో నాకు చెప్పడం కష్టమే, నాకూ ఇష్టమే కాబట్టి. కొంచెం బెల్లం, మిరియాలు వేసిన గేదె జున్ను వద్దనేవాళ్ళెవరు? కానీ గేదె దూడ, ఆవు దూడ పుట్టేటప్పుడు వాటి రక్తంలో రోగాలను ఎదిరించే శక్తి దాదాపు ఏమీ ఉండదు. వీటి మాయ గుండా తల్లి ప్రతిరక్షకాలు దూడకు చేరవు, మనుషుల్లోలా కాదు. అదంతా మొదటి పాలలోనే రావాలి. పేగు ఆ పెద్ద అణువులను లోనికి తీసుకునేది కొన్ని గంటలే, గంట గంటకూ తగ్గుతూ 24 గంటలకు దాదాపు మూతపడుతుంది. మర్నాడు బిందెడు పాలు పోసినా అది తిరిగి రాదు. కాబట్టి దూడ కడుపు నిండాకే జున్ను గిన్నె. రెండో రోజు పాలతో జున్ను చేసుకోండి, కాస్త పలచగా వస్తుంది, అంతే.

ఎంత తాగించాలి అంటే, దూడ బరువులో పదో వంతు. 30 కిలోల దూడకు 3 లీటర్లు, మొదటి ఆరు గంటల్లోపు. మొదటి విడత గంటలోపే మొదలుపెట్టండి. చీకడం రాకపోతే పిండి, ఒంటి వేడితోనే సీసాతో పట్టండి. చల్లారిన పాలను గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబరచాలి గానీ పొయ్యి మీద పెట్టొద్దు. పొయ్యి మీద అవి జున్నే అవుతాయి.

వెదురు గొట్టంతో పోయడం మాత్రం మానేయండి. కష్టపడి పుట్టిన దూడకు మింగడమే సరిగా రాదు, గొట్టంతో పోసిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూడో రోజుకు న్యుమోనియా. వేలు చప్పరించని దూడకు నోటితో ఏమీ పోయకండి. మేము ట్యూబు నేరుగా కడుపులోకి వేసి పట్టగలం.

ఈనడం కష్టమైన దూడలు ఆలస్యంగా లేస్తాయి, తక్కువ తాగుతాయి, తరవాత వారాల్లో పారుడు, న్యుమోనియా ఎక్కువ వాటికే. పాలు ఎక్కువ కావాల్సిందీ, తక్కువ అందేదీ ఆ దూడలకే. కాబట్టి లాగి తీసిన దూడ ఉంటే దాని పక్కన మనిషి కూర్చోవాలి, తాగిందని చెప్పడానికి కాదు, తాగేటప్పుడు చూడటానికి.

తర్వాతి రోజుల్లో కంగారు పెట్టకండి

పుట్టిన వెంటనే దూడ రక్తంలో కార్టిసాల్ బాగా ఎక్కువగా ఉండి, తర్వాతి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఎలుక పిల్లల్లో అయితే పుట్టిన నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా ఒత్తిడి పెట్టినా కార్టిసాల్ లాంటి హార్మోను పెద్దగా పెరగదు. అవి కళ్ళు తెరవకుండా తల్లి ఒడిలోనే పడి ఉండే పిల్లలు. దూడ అలా కాదు, గంటలో లేచి నడవాల్సిన జాతి, కాబట్టి దాని గ్రంథులు పుట్టేసరికే పనికి సిద్ధం. అయినా చిన్న దూడకు పెద్ద పశువంత తట్టుకునే శక్తి లేదు.

దీనికి ఉదాహరణ రవాణా. మరీ చిన్న దూడలను లారీల్లో దూరం తోలినప్పుడు, పెద్ద దూడలతో పోలిస్తే వాటి రక్తంలో కార్టిసాల్ లాంటివి తక్కువే పెరిగాయని బ్రిటన్‌లో 1980, 90 దశకాల్లో పరిశోధకులు చూశారు. అయితే వాటికి కష్టం తెలియలేదా? ప్రయాణం తర్వాత వారాల్లో జబ్బు పడి చనిపోయేది ఆ చిన్న దూడలే ఎక్కువ. కష్టానికి స్పందించే శక్తే ఇంకా సరిగా రాలేదన్నమాట. దున్నపోతు దూడ అని నాలుగో రోజే బైకు మీద వేసుకుని అమ్మడానికి తీసుకెళ్ళే వాళ్ళు, "ఏం అరవలేదు మేడం, సక్కగ కూసుంది" అంటారు. నేను ఆ మాటను ఏ మాత్రం నమ్మను.

కొమ్ములు కాల్చడం, చెవి పోగు, ఏలికపాముల మందు అన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు. గేదె దూడకు ఏలికపాముల మందు పదో రోజు దాటాక అవసరం, తల్లి పాల ద్వారానే అవి వస్తాయి. కొమ్ములు మొలకలుగా ఉన్నప్పుడే కాల్పించుకోండి, కానీ ముందు మత్తు సూది, నొప్పి తగ్గే మందు కావాలని అడగండి. మత్తు సూది ఒక్కటే వేస్తే అది దిగాక రెండు గంటల్లో కార్టిసాల్ మళ్ళీ ఎగబాకుతుంది. తోడుగా మెలాక్సికామ్ లాంటిది ఉంటే దూడ సాయంత్రానికే పాలు తాగుతుంది.

నీరసంగా ఉన్న దూడకు "ఒక డెక్సా వేయండి, లేస్తుంది" అని అడుగుతుంటారు. నిజమే, రక్తంలో ఇన్ఫెక్షన్ బాగా ముదిరినప్పుడు అడ్రినల్ గ్రంథులు అవసరానికి సరిపడా కార్టిసాల్ ఇవ్వలేకపోవడం గుర్రప్పిల్లల్లో బాగా గమనించారు. అలాంటప్పుడు స్టెరాయిడ్ ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అనేది దూడను చూసి డాక్టరు తేల్చుకోవాలి. షాపులో కొని మీరు వేస్తే, ఉన్న కాస్త రోగనిరోధక శక్తి కూడా అణిగిపోతుంది. ఒక పూట లేచి నిలబడి రెండో రోజు పడిపోతుంది.

ఫోన్ చేయాల్సి వస్తే మీ ఊరి డాక్టరుకో, గోపాలమిత్రకో, పశువుల అంబులెన్సు నంబరు 1962కో చేయండి. "దూడ బాలేదు, జల్దీ రండి" అనేసి పెట్టేయకండి. ఉమ్మనీరు ఎప్పుడు పగిలింది, దూడ ఎప్పుడు పడింది, ఎంతమంది లాగారు, నిలబడిందా, ఎంత తాగింది, థర్మామీటరు ఎంత చూపిస్తోంది చెప్పండి. ఎంతమంది లాగారో దాచకండి, నేను తిట్టను. థర్మామీటరు లేకపోతే నోట్లో వేలు పెట్టి చూసి, వెచ్చగా ఉందో చల్లగా ఉందో, చప్పరించిందో లేదో చెప్పండి. బయల్దేరేటప్పుడు బ్యాగులో గ్లూకోజు సీసా పెట్టుకోవాలా, కడుపులోకి వేసే ట్యూబు పెట్టుకోవాలా అన్నది నేను దాన్నిబట్టే చూసుకుంటాను.